వైరము లేని వేట

భద్రాచల క్షేత్రమునుండి పర్ణశాలకు పోవు త్రోవ సుమారు 35 కిలోమీటర్లు. ఆ త్రోవకు ఇరుప్రక్కల నొకప్పుడు దట్టమై యుండిన యరణ్యము నేడు పలుచోట్ల వరిచేలకును, మిరపతోటలకును, ప్రత్తిచేలకును చోటిచ్చినది. అయినను కిన్నెరసాని పరిసరములందును, పాపికొండల వైపునను టేకు, నల్లమద్ది, ఇప్ప, తునికి, వెదురు గల యడవి ఇంకను నిలిచియున్నది. కిన్నెరసాని 1977లోను, పాపికొండలు 1978లోను అభయారణ్యములుగా ప్రకటింపబడినవి. పాపికొండలు 2008లో జాతీయోద్యానమైనది. శ్రీరామచంద్రుడు సీతాలక్ష్మణ సమేతుడై సంచరించిన దండకారణ్యమున ఇది భాగమని ఈ ప్రాంతపు భక్తుల దృఢవిశ్వాసము.

ఈ యడవికిని పొలమునకును నడుమ, పూర్తిగా అడవికి చెందక, పూర్తిగా ఊరికిని చెందక, ఒక ప్రాణి నివసించుచున్నది. అదియే అడవిపిల్లి. ఇంటిపిల్లికంటె పొడవైన కాళ్ళు, ఇసుకను బోలిన బూడిదవన్నె మేను, చెవుల కొసలయందు చిన్న నల్లని వెండ్రుకల కుచ్చు, నల్లని పట్టెలు గల పొట్టితోక దీని గురుతులు. వాగుల యొడ్డున పెరిగిన రెల్లు, తుంగ, ఎత్తైన గడ్డి, కోతకు వచ్చిన చేలు దీనికి ఇష్టమైన తావులు. సంధ్యవేళలందును రాత్రులందును ఇది ఒంటరిగా తిరుగును. అమరసింహుడు తన కోశమున పిల్లికి ఓతువు, బిడాలము, మార్జారము, వృషదంశకము, ఆఖుభుక్కు అను పేర్లు పెట్టినాడు. ఆఖుభుక్కనగా ఎలుకలను భుజించునది. ఆ పేరు దీనికి సార్థకము.

పిల్లిజాతి అంతయు వేటయందు ఒకే గురువువద్ద చదివినట్లు కానవచ్చును. ఆఫ్రికా ఖండమున ఇసుకనేలలయందును పొదలయందును సంచరించు అడవిపిల్లి మన యడవిపిల్లికి దగ్గరి బంధువు. మన ఇండ్లయందు పొయ్యి ప్రక్కన పండుకొను పిల్లి ఆ యాఫ్రికా పిల్లి సంతతిదే యని 2007లో శాస్త్రజ్ఞులు వంశలక్షణములను పరిశీలించి నిర్ణయించినారు. సైప్రసు ద్వీపమున సుమారు 9,500 సంవత్సరముల క్రిందటి సమాధిలో మనుష్యుని చెంతనే పిల్లి యస్థిపంజరము కూడ బయల్పడినది. మనుష్యుడు ధాన్యమును నిల్వచేయ నారంభించెను. ధాన్యము కొరకు ఎలుక వచ్చెను. ఎలుక కొరకు పిల్లి వచ్చెను. ఆ విధముగా పిల్లి తనకు తానే మన గడపలో అడుగిడినది.

ఆ వేట యెట్టిదో చూడదగును. మొదట అది చూడదు, వినును. చెవులు రెండును వేరువేరు దిక్కులకు త్రిప్పుచు గడ్డిలోని అల్పమైన సవ్వడిని పట్టుకొనును. పిమ్మట పొట్ట నేలకు తాకునట్లు వంగి, అడుగులో అడుగు వేయుచు సమీపించును. ఎలుక తలయెత్తినచో శిలవలె నిలిచిపోవును. తిరిగి ఎలుక మేతలో మునిగినచో మరియొక అడుగు. చివరకు ఒక్క దూకు; మెడమీద ఒక్క కాటు. పెక్కుమార్లు గురి తప్పును. తప్పినందుకు కోపింపదు, చిక్కినందుకు గర్వింపదు. రాజస్థానమునందలి సరిస్కా అరణ్యములో 2004లో ప్రకటింపబడిన యొక పరిశోధన ననుసరించి ఒక్క అడవిపిల్లి దినమునకు మూడు మొదలు ఐదు వరకు ఎలుకజాతి ప్రాణులను పట్టును. సంవత్సరమునకు లెక్కించినచో వేయికి పైబడును.

వేయి ప్రాణములు! ఇచ్చట ధర్మజిజ్ఞాస గల పాఠకునకు సంశయము కలుగుట సహజము. అహింస పరమధర్మమని పెద్దలు చెప్పినారు. చీమను త్రొక్కకుండ నడువవలెనని బాలురకు బోధింతుము. అట్టియెడ సంవత్సరమునకు వేయి ప్రాణములను తీయు ఈ జంతువు పాపి యగునా? పాపి యైనచో దానిని పాపిగా పుట్టించిన దెవరు? పాపి కానిచో, హింస పాపమను మాట కర్థమేమి?

పూర్వపక్షము బలమైనదే. పిల్లి క్రూరమనియు కపటి యనియు లోకము నమ్మినది. శాశ్వతవిరోధము గల ప్రాణుల పేర్లతో ద్వంద్వసమాసము చేసినపుడు అది ఏకవచనమగునని పాణిని శాసించగా, వ్యాఖ్యాతలు పిల్లి–ఎలుక జంటను అందుకు ఉదాహరణముగా చూపినారు. వ్యాకరణమే ఆ వైరమునకు ముద్ర వేసినది. పిల్లికి చెలగాటము, ఎలుకకు ప్రాణసంకటము అని మన సామెత. దొంగభక్తునకు మనుస్మృతిలో బైడాలవ్రతికుడని పేరు. అట్టివాడు విప్రుడైనను వానికి మంచినీరు కూడ ఈయరాదని ఆ స్మృతి నిషేధించినది. ఇన్ని సాక్ష్యములు చేరియుండగా పిల్లి నిర్దోషి యని యెట్లు చెప్పుట?

అయితే ఆ సాక్ష్యములనే నిదానముగా విచారించినచో విషయము వేరుగా తోచును. స్మృతికారుడు బైడాలవ్రతమని నిందించినది పిల్లినా? కాదు; పిల్లివలె నటించు మనుష్యుని. పిల్లి గడ్డిలో కదలక కూర్చుండినపుడు తపస్సు చేయుచున్నానని ఎవరికిని చెప్పలేదు. ఆ నిశ్చలత దాని యాకలికి సాధనము. అందు అసత్యము లేదు. మనుష్యుడు అదే నిశ్చలతను దేవుని ముంగిట ప్రదర్శించి, కన్నులు మూసికొని పరధనమును చింతించినపుడు అది కపటమగుచున్నది. ముద్ర ఒక్కటే, దోషము నటించువానిది.

మరియు అదే మనుస్మృతి పదునొకండవ యధ్యాయములో పిల్లిని, ముంగిసను, పాలపిట్టను, కప్పను, కుక్కను, ఉడుమును, గుడ్లగూబను, కాకిని చంపిన మనుష్యునకు ప్రాయశ్చిత్తము విధింపబడినది. అది తేలికైనదియు కాదు. ఎలుకను చంపిన పిల్లికి మాత్రము ఏ శాస్త్రమునందును ప్రాయశ్చిత్తము లేదు. ఈ మౌనము గమనింపదగినది. శాస్త్రము ఎవరితో మాటలాడునో వారికే పాపపుణ్యములు. విధినిషేధములను విని, గ్రహించి, ఆచరించుటకో మీరుటకో శక్తి గలవాడు మనుష్యుడు గనుక ఆతనిది కర్మభూమిక. పశుపక్ష్యాదుల జన్మము పూర్వకర్మఫలము ననుభవించుటకే గాని నూతన కర్మ నార్జించుటకు కాదని పెద్దల సిద్ధాంతము.

ఇక శాశ్వతవైరమను మాట. శాంతిపర్వమున భీష్ముడు ధర్మరాజునకు చెప్పిన పలితుడను ఎలుక, లోమశుడను పిల్లి కథ ప్రసిద్ధము. మర్రిచెట్టుపై నివసించు లోమశుడు వేటకాని వలలో చిక్కెను. అదే సమయమున పలితుని ఒకవైపు ముంగిసయు, మరియొకవైపు గుడ్లగూబయు మాటువేసెను. ఎలుక యోజించి వలలోని పిల్లినే ఆశ్రయించెను. వేటకాడు సమీపించు క్షణము వరకు వేచియుండి వలను కొరికి, పిల్లికి ప్రాణదానము చేసెను. ఆపద గడచిన పిమ్మట పిల్లి స్నేహమునకు పిలిచినది. పలితుడు రాలేదు. నీకు నాపై పగ లేదు, నాకును లేదు. కాని నీ కిప్పుడాకలి యగుచుండును, నేను నీకాహారమను భావముతో వినయముగా తొలగిపోయెను. ఎంతటి వివేకము! ఎలుకయే పిల్లిని పగవాడని నిందింపలేదు. మిత్రత్వ శత్రుత్వములు కాలమును ప్రయోజనమును బట్టి కలుగునని భీష్ముని యుపదేశము. కావున పిల్లి ఎలుకల మధ్య నున్నది వైరము కాదు, ఆకలి. వ్యాకరణము చూచినది బాహ్యవ్యవహారమును. భారతము చూచినది హృదయమును.

ఆహారవిషయమున పిల్లికి స్వేచ్ఛయును లేదు. మనుష్యుడు మాంసము విడిచి ధాన్యముతో, శాకముతో, పాలతో ఆరోగ్యముగా జీవింపగలడు. పిల్లి అట్లు జీవింపలేదు. దాని శరీరమునకు అత్యవసరమైన కొన్ని ధాతువులు మాంసమునందే లభించును. వానిని ఇతరాహారమునుండి తయారుచేసికొను శక్తి దాని దేహమునకు చాలినంత లేదు. ఇంతే కాదు, పిల్లికి తీపి రుచి తెలియదని 2005లో శాస్త్రజ్ఞులు నిరూపించినారు. తీపిని గ్రహించు సాధనము దాని నాలుకపై పనిచేయదు. భగవంతుని చక్కెరపొంగలి దానియెదుట పెట్టినచో నేతివాసనకు మూతి పెట్టునేమో గాని ఆ మాధుర్యము దానికి అందదు. ఎన్నుకొనుటకు వీలులేని చోట ఎన్నికను నేరముగా పరిగణించుట న్యాయము కాదు.

ఇచ్చట మరియొక ఆక్షేపము కలదు, దానిని దాటవేయరాదు. కడుపు నిండిన పిల్లి కూడ పిచ్చుకను పట్టును గదా! పాలు త్రాగి వచ్చిన పెంపుడుపిల్లి ఎలుకను వదలుచు పట్టుచు ఆడుకొనుట ఇల్లిల్లును ఎరిగినదే. ఇది ఆకలి యని చెప్పుట యెట్లు? నిజమే. ఎర పెద్దదై, కరచునదై యున్నపుడు ఆ యాట హెచ్చునని పరిశీలకులు కనుగొన్నారు. తొందరపడి మూతి పెట్టినచో తనకే గాయమగునను జాగ్రత్త అందు కొంత కలదు. కాని అన్ని సందర్భములకును ఆ సమాధానము చాలదు. చప్పుడైనచో చెవి నిక్కుట, కదలినదానిపై దుముకుట దాని దేహమున కట్టబడిన స్వభావము. ఆకలి తీరినంతమాత్రమున ఆ యంత్రము ఆగదు. కావున ఆకలి యొక్కటియే పిల్లిని నిర్దోషిగా చేయుచున్నదని చెప్పరాదు. ఇది ప్రాణి, దీనికి నాకువలెనే బాధ కలదు, దీనిని నేను విడువవచ్చును అను వివేకము దానికి లేకపోవుటయే దాని నిర్దోషత్వమునకు మూలము. సంకల్పము లేనిచోట పాపమునకు నిలువ నీడ లేదు.

ఈ సిద్ధాంతము పిల్లిని విడిపించినది. కాని మనుష్యుని బంధించినది. ప్రకృతిలో బలవంతుడు బలహీనుని తినుచున్నాడు గనుక మనమును అట్లే చేయవచ్చునని వాదించువారు ఎల్లకాలమునందును కలరు. ఒక ప్రాణి మరియొక ప్రాణికి జీవనాధారమని నారదుడు ధర్మరాజుతో చెప్పిన మాట భాగవతమున గలదు. ఆ మాటను కొందరు హింసకు అనుమతిగా చెప్పుకొందురు. కాని నారదుడు దానిని బంధువియోగ దుఃఖములో నున్న రాజును ఓదార్చుటకు, లోకస్థితిని తెలుపుటకు చెప్పినాడే గాని, చంపుమని విధించుటకు కాదు. లోకమున జరుగుచున్నది వేరు, మనుష్యుడు చేయవలసినది వేరు. వివేకము గలవాడు వివేకము లేనిదానిని ప్రమాణముగా చూపినచో తన మనుష్యజన్మమును తానే కాదన్నవాడగును.

ఈ విషయమున సీతామహాదేవి దండకారణ్యమున పలికిన హితము స్మరింపదగినది. రాక్షసులను సంహరింతునని శ్రీరాముడు మునులకు మాట ఇచ్చిన పిమ్మట ఆ తల్లి భర్తతో వినయముగా ధర్మవిచారము చేసినది. కామమునుండి పుట్టు వ్యసనములు మూడని చెప్పి, అసత్యము, పరస్త్రీవాంఛ స్వామియందు లేవనియు, వైరము లేకయే ప్రాణులను హింసించుట యను మూడవది అంటునేమోనని తన భయమనియు విన్నవించినది. అందుకు ఒక తపస్వి కథ చెప్పినది. ఇంద్రుడు భటుని రూపమున వచ్చి ఒక ముని యొద్ద ఖడ్గము దాచి పోయెనట. దాచిన సొమ్మును కాపాడవలెనను శ్రద్ధతో ముని దానిని విడువక వెంట మోయుచు, కాలక్రమమున తపస్సు మరచి, క్రూరుడై, నరకమునకు పోయెనట. శ్రీరాముడు ఆమె ప్రేమకు సంతోషించి, ఆర్తుల రక్షణమునకే తాను విల్లు ధరించితినని సమాధానపరచినాడు.

ఇచ్చట సూక్ష్మమైన ప్రశ్న యొకటి ఉదయించును. వైరము లేని హింస మనుష్యునకు దోషమని సీతాదేవి మాట. పిల్లి వేటయందును వైరము లేదు గదా! అదే మాట ఒకచోట దోషమును, మరియొకచోట నిర్దోషమును ఎట్లయ్యెను? వైరము లేని మనుష్యునకు చంపుటకు కారణమును లేదు. ఆతడు చంపినచో అది వినోదము, లేదా చేతనున్న ఆయుధపు ప్రేరణము. పిల్లి పంజాను చూడుడు. నడచునపుడు దాని గోళ్ళు ఒరలోని కత్తులవలె చర్మములోనికి ముడుచుకొని యుండును. పట్టవలసిన క్షణముననే బయటికి వచ్చును; పని ముగిసినంతనే లోనికి పోవును. తన పిల్లను నాకునపుడు ఆ పంజా దూదివలె మెత్తన. ఆ ముని మాత్రము ఖడ్గమును ఒక్క గడియ దించలేదు. జంతువునకు ప్రకృతియే ఒరను ఇచ్చినది. మనుష్యునకు ఒర వివేకమే; దానిని ఆతడే సంపాదించుకొనవలెను.

ఇక మిగిలినది ఎలుక బాధ. పిల్లి నిర్దోషి యైనను ఎలుకకు నొప్పి నొప్పియే. సృష్టికర్తకు పక్షపాతమును నిర్దయయు కలవా యను ప్రశ్నను బ్రహ్మసూత్రములే లేవనెత్తినవి. జీవుల కర్మను బట్టియే సృష్టివైషమ్యము గాని ఈశ్వరునియందు దోషము లేదని శ్రీభాష్యమున భగవద్రామానుజులు నిర్ణయించినారు. ఇది తత్త్వవిచారమున సమాధానము. కాని దీనిని బాధపడుచున్నవాని యెదుట కఠినముగా ప్రయోగించుట వైష్ణవలక్షణము కాదు. శ్రీరాముడు రెక్కలు తెగిపడిన జటాయువును చూచినపుడు కర్మసిద్ధాంతమును బోధింపలేదు, కన్నీరు విడిచినాడు. సీతాహరణ దుఃఖముకంటె ఈ పక్షి మరణదుఃఖమే మిక్కుటముగా నున్నదని లక్ష్మణునితో వాపోయినాడు. జటాయువు గృధ్రము, మాంసాహారి. ఆతడు జీవితకాలమున ఏమి తిన్నాడని స్వామి లెక్క అడుగలేదు. స్వహస్తములతో సంస్కారము చేసి ఉత్తమలోకము ననుగ్రహించినాడు. భద్రాచలమునకు చేరువనున్న ఎటపాక ఆ జటాయువు పడిన చోటని స్థానికుల నమ్మకము. గజేంద్రమోక్షమునను అంతే. ఏనుగును రక్షించిన చక్రమే మొసలికిని శాపమోచనము చేసినది. పట్టబడినదానికిని, పట్టినదానికిని ప్రభువొక్కడే.

ఈ విచారమంతయు ఆచరణకు రానిచో వ్యర్థము. గృహస్థునకు ఇంటిలోనే ఐదు హింసాస్థానములున్నవని స్మృతి చెప్పినది: పొయ్యి, తిరుగలి, చీపురు, రోలు, నీటికుండ. పంచమహాయజ్ఞములు ఆ దోషమునకు పరిహారములు. అనగా మన బ్రతుకు హింసాశూన్యమని గర్వింపవలదనియు, అనివార్యమైనదానిని తగ్గించుకొని పరిహారము చేసికొనవలెననియు భావము. పొలము గట్టున తిరుగు అడవిపిల్లి రైతునకు జీతము లేని కాపరి. ఎలుకలకు పెట్టిన విషము, ఆ యెలుకను తిన్న పిల్లికిని ప్రాణాంతకమగును. కుందేళ్ళకై పన్నిన ఉచ్చులు, అడవిపందులకై పొలము చుట్టును కట్టిన విద్యుత్తీగలు, ఏ ప్రాణి వచ్చినను, తుదకు మనుష్యుడు వచ్చినను, తేడా చూడవు. వన్యప్రాణులను వేటాడుట 1972 నాటి చట్టముచేత నిషిద్ధము. ధర్మముచేత అంతకు పూర్వమునుండియు నిషిద్ధమే.

యాత్రికులును ఒక మాట వినదగును. పిల్లి అడ్డమైనచో అపశకునమని బండి ఆపి, మంచినీరు త్రాగి పోవువారు కలరు. రాత్రివేళ అడవిత్రోవలో దీపములు వెలిగించుకొని వేగముగా వచ్చు మోటారు ఆ పిల్లికి ఎంతటి అపశకునమో ఎవరును ఆలోచింపరు. శకునమునకై ఆగు బండి, ప్రాణము కొరకు ఒకింత నిదానించినచో స్వామి దర్శనమునకు ఆలస్యమేమియు కాదు. సీతాన్వేషణమునకై లంకను ప్రవేశించు వేళ ఆంజనేయుడు పిల్లి యంతటి రూపము దాల్చెనని సుందరకాండ చెప్పుచున్నది. రామకార్యమునకు తగిన పరిమాణముగా ఎంచబడిన ప్రాణి అపశకునమగునా?

తుదకు శ్రీవైష్ణవుల హృదయమునకు అతిసన్నిహితమైన మార్జాలకిశోర న్యాయము. కోతిపిల్ల తల్లిని తానే గట్టిగా పట్టుకొనును. పిల్లిపిల్లను తల్లియే నోట కరచుకొని పోవును. జీవుని ప్రయత్నము కొంత వలయునని వడగలై సంప్రదాయము మర్కటన్యాయమును, స్వామి కృపయే సర్వమని తెంగలై సంప్రదాయము మార్జాలన్యాయమును ఆదరించినవి. రెండును శరణాగతినే చెప్పుచున్నవి. అడవిపిల్లి ఒక తావు క్షేమము కాదని తోచినపుడు పిల్లలను ఒక్కొక్కటిగా నోట కరచుకొని మరియొక పొదకు చేర్చును. మెడ పట్టినంతనే పిల్ల అవయవములను ముడిచి, పెనుగులాడక, మెత్తబడి వ్రేలాడును. పెనుగులాడినచో తల్లి పంటికే గాయపడును. గడియ క్రిందట ఎలుక మెడను విరిచిన పండ్లే ఇప్పుడు పిల్ల మెడపై గీటు పడనీయక మోయుచున్నవి.

ఆ నోటిలో క్రూరత్వమే యుండినచో పిల్ల బ్రతుకదు. కావున దానిని క్రూరమని పిలుచుట మన అజ్ఞానము. అంతటి వాడి గల పండ్లను ఎచ్చట ఎంత మోపవలెనో ఒక అడవి జంతువునకు నేర్పినవాడు, విల్లు చేతబట్టి భద్రగిరిపై వెలసియున్నవాడు, తనను నమ్మిన జీవుని ఎట్లు పట్టవలెనో ఎరుగడా? మనకు మిగిలిన పని రెండే: ఆయన పట్టినపుడు పెనుగులాడకుండుట, మన చేతికి చిక్కిన ప్రాణిని, అది చిన్నదైనను, విడువగలిగినపుడు విడుచుట.